తోలు తగలని కాళ్ళు

ఆ రోజు 1955 ఆగస్టు నాలుగు, శ్రావణ గురువారం. మా అక్క గురమ్మ కొర్రన్నం వండి, ఉలవచారు కాచి, వంకాయ పచ్చడి నూరింది. ఆ తేదీ, ఆ వంట రెండూ నాకు గుర్తుండిపోయాయి. ఆ పూట మా యింట్లో నాలుగు విస్తర్లు వేస్తే మూడింట్లో అన్నం అట్లాగే ఉండిపోయింది. నేనొక్కణ్ణి తిన్నాను, అదీ వండిన మనిషి ముఖం చూసి.

హులిగెమ్మ విస్తరి ముందు కూర్చోనే లేదు. పొద్దున ఆలూరు బస్సు దిగి, జొన్నరొట్టెల మూట నెత్తిన పెట్టుకొని కొడుకును చూడవచ్చిన మనిషి. వసారా మూలనున్న బూట్లు చూసి, "ఇవి ఎవరివక్కా?" అని అడిగింది. గురమ్మ ఏమీ ఎరగక, "ఎవరివేమి, నీ కొడుకువే" అన్నది. అంతే. అప్పటినుంచి ఆమె పచ్చినీళ్ళు కూడా ముట్టలేదు.

"తోలు ఇంట్లో ఉంటే నేను ఉండను" అన్నది ఒక్కసారి. బూట్లు బయట అరుగు కట్ట మీదికి పోయాయి.

ఆమె కొడుకు ఈరన్న గోడకు ఆనుకొని, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. పంతొమ్మిదేండ్లవాడు. ఊరి బయటి నూలుమిల్లు ఫుట్‌బాల్ జట్టులో జీతగాడు. ఆరు నెలలుగా మా యింట్లోనే ఉంటున్నాడు. మిల్లువాళ్ళు వాణ్ణి నాకు అప్పగించారు. పగలు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పడం, సాయంత్రం ఆ జట్టుకు ఆట నేర్పడం నా పని. ఆరు నెలల్లో వాణ్ణి ఒక్క పోటీలో కూడా దింపలేదు.

"మాట్లాడు హులిగెమ్మా" అన్నది గురమ్మ. "మనసులో పెట్టుకొని కూసుంటే మాకెట్ల తెలుస్తాది? వాడు తప్పు చేసింటే నాలుగు తిట్టు. నేనూ తిడతా. దినామూ తిడతానే ఉండా, నా వంటింటి గోడ సున్నమంతా చెండుతో రాలగొడతాండాడని."

హులిగెమ్మ అక్కవైపు చూడలేదు. కొడుకునే చూసింది.

"చెప్పరా" అన్నది. "సారుకు చెప్పలేదా నువ్వు?"

ఈరన్న గడ్డం మోకాళ్ళలో ఇంకా కిందికి దించాడు.

"చెప్పలేదు" అన్నదామె తనకు తానే. "ఎందుకు చెప్తావు? చెప్తే ఇంటికి పొమ్మంటారని భయము."

అప్పుడామె నావైపు తిరిగింది. గొంతు పెంచలేదు. ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెబుతున్నట్లు చెప్పింది.

"వీడు పుట్టి మూడేండ్లు దాటినా లేసి నిలబడలే సారూ. కాళ్ళు పీచు మాదిరి ఏలాడేవి. వీనికి ముందు పుట్టినోళ్ళు ఇద్దరు పోయినారు. ఇంగ వీడొక్కడే. ఎత్తుకోని ఉరుకుంద ఈరన్నసామి గుడి దాకా నడిచి పోయినా. సామీ, వీని పేరు తీసేసి నీ పేరు పెడతా, వీడు నడిస్తే ఆ కాళ్ళు నీవే, పెండ్లి దాకా వాటికి తోలు తాకనీయను అని మొక్కుకుంటి. ఆ శ్రావణము పోయి కార్తీకం వచ్చేతలికి గుంజ పట్టుకోని లేసినాడు."

వంటింట్లో పొయ్యి మీద చారు కాగుతున్నది. గురమ్మ లేచి వెళ్ళి దాన్ని దించి వచ్చింది.

వాడికి బూట్లు తొడిగించిన మొదటి నెల నా కళ్ళముందు నిలిచింది. వాణ్ణి ఆటకు పంపలేదప్పుడు. బూట్లు వేసుకొని వీధి కొళాయికి పోయి నీళ్ళు తెమ్మనేవాణ్ణి. వట్టి కాళ్ళతో ఆడి పెరిగినవాడికి బూటు ఒక గుడ్డితనం లాంటిది. బొటనవేలితో చెండును గిల్లి పైకి లేపే విద్య అక్కడ పనికిరాదు, పాదం పక్కతో కొత్తగా నేర్చుకోవాలి. అందుకని నడక దగ్గర మొదలుపెట్టాను. వాడు ఇంటికొచ్చి బూట్లు విప్పగానే రెండు పిక్కలూ గట్టిగా గిల్లుకుంటూ కూర్చునేవాడు. నరాలు పట్టేశాయనుకొని నేను ఆముదం వెచ్చచేసి ఇచ్చేవాణ్ణి. వాడు తల వంచుకొని రాసుకునేవాడు.

ఇప్పుడు తెలిసింది. కాళ్ళు ఇంకా ఉన్నాయా లేవా అని చూసుకుంటున్నాడు వాడు.

"గుడ్డ బూట్లు ఉంటాయి కదా దేవేంద్రా, అవి తొడగగూడదా?" అని అడిగింది అక్క మెల్లగా.

"ఉన్నాయక్కా. మైదానంలో జారతాయి. ఎదుటివాడి బూటు గట్టిగా తగిలితే కాలు విరుగుతుంది. ఆదివారం కడప పోటీలో తోలు బూట్లు లేనివాణ్ణి దింపవద్దని పోటీ పెద్దలు ముందే చెప్పారు."

"అయితే ఆట మానేయల్ల" అన్నది హులిగెమ్మ.

"మానను" అన్నాడు ఈరన్న. ఆ పూట వాడన్న మొదటి మాట అది.

"ఏమంటివి?"

"మానను అంటి. ఊర్లో ఏముండాది మా? వాన వస్తే కొర్రలు, రాకుంటే మట్టి. ఈడ నన్ను పిలిచి జీతమిచ్చి ఆడమంటాండారు."

"ఆడమంటాండారా?" అన్నదామె. "ఆరు నెలలాయ. ఆడినావా?"

వాడి ముఖం మాడిపోయింది. నావైపు ఒక్క క్షణం చూసి కళ్ళు దించేశాడు. ఆ చూపులో కోపమే ఉన్నట్లయితే నాకు తేలికగా ఉండేది.

సరిగ్గా అప్పుడే బయట సైకిలు గంట మోగింది. వచ్చినవాడు గోపన్న, మిల్లు తరఫున జట్టు బాగోగులు చూసేవాడు. మంచివాడు, కాని ఓపిక తక్కువ. కట్ట మీద బూట్లు చూసి, వాటిని చేత్తో పట్టుకొనే లోపలికి రాబోయాడు.

"ఆడే పెట్టప్పా!" అని అరిచింది గురమ్మ.

గోపన్న బిత్తరపోయి, బూట్లు దించి, చేతులు దులుపుకొని గడపలో నిలబడ్డాడు.

"ఏం సారూ, ఇంట్లో ఏమన్నా అశుభమా?"

నేను నాలుగు మాటల్లో సంగతి చెప్పాను. వాడు విని, తల గోక్కొని, నవ్వాడు.

"పెండ్లి దాకానే కదమ్మా మొక్కు? ఇంత మాత్రానికేనా ఈ దుఃఖము? శనివారము పెండ్లి చేసేద్దాం. ఆదివారం పెండ్లికొడుకు కడపలో ఆడతాడు. పిల్లను నేను చూస్తా!"

"చూసేదెందుకప్పా" అన్నది హులిగెమ్మ. "నీ కూతుర్నే ఇయ్యి."

గోపన్న నోరు మూతపడింది. గురమ్మ కొంగు అడ్డం పెట్టుకొని అవతలికి తిరిగింది. ఈరన్న పెదవి కూడా ఒక పక్కకు కదిలింది. ఆ ఇంట్లో ఆ పొద్దు నవ్వు లాంటిది అదొక్కటే. ఆ దుఃఖంలో కూడా ఎదుటివాడికి దీటుగా జవాబు చెప్పగలిగిన ఆ తల్లిని చూసి నాకు కొంత ధైర్యం కలిగింది.

గోపన్న నన్ను కట్ట దగ్గరికి తీసుకుపోయాడు. గొంతు తగ్గించాననుకున్నాడు గాని, వాడి గొంతు తగ్గేది కాదు.

"దావీదురాజు మోకాలు వాచింది సార్. కుడివైపు ఆడే దిక్కు లేదు. ఆదివారం వీడు దిగాల్సిందే. పెద్దవాళ్ళు అడుగుతాండారు, ఆరు నెలలుగా కూర్చోబెట్టి మేపుతాండారే, ఈ పిల్లోడు అసలు ఆడతాడా అని. ఈసారి కూడా దిగకుంటే నెలాఖరుకు పంపించేస్తారు. ఇంగ నేనేం చెప్పేది?"

"వాడు ఇంకా సిద్ధంగా లేడు గోపన్నా."

"ఎప్పుడు చూసినా అదే మాట! మీరు చదువుకున్నోళ్ళు, మీ పరీక్షలు మార్చికి వస్తాయి. మా పరీక్ష ప్రతి ఆదివారమూ ఉండాది."

"బూట్లతో వాడి కుడికాలు కుదిరింది. ఎడమకాలు కుదరలేదు. ఎదుటివాడు అది పది నిమిషాల్లో పసిగడతాడు. పసిగట్టి వాణ్ణి ఎడమవైపుకే తోస్తాడు. వాడు నలుగురి ముందర తడబడతాడు. మొదటి ఆటలో అట్లా అయితే వాడు తల ఎత్తడం మానేస్తాడు."

"తల ఎత్తకుంటే ఏమాయ? కాలు ఎత్తితే చాలదా?"

ఆలూరు స్కూలు మైదానంలో వీణ్ణి మొదట చూసిన రోజు, వట్టి కాళ్ళతో నలుగుర్ని దాటుకొని పోయాడు. అది చాలామందికి వస్తుంది. చెండు కాలికి అందకముందే తల ఎత్తి, తనవాడు ఎక్కడున్నాడో చూసుకున్నాడు. అది నేర్పితే వచ్చేది కాదు, కాని పోగొట్టడం మాత్రం చాలా సులభం. నా ఆరు నెలల ఓపికా దానికోసమే.

"శనివారం పొద్దున కడప బస్సు" అన్నాడు గోపన్న సైకిలెక్కుతూ. "మైదుకూరులో టీ తాగే లోపల నాకు పదకొండు మంది పేర్లు చెప్పండి. అంతవరకే నా చేతిలో ఉండేది."

నేను లోపలికి వచ్చేసరికి ఈరన్న లేచి నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"సిద్ధంగా లేనా సారూ?"

"లేవు."

"మా అమ్మకు మొక్కు అడ్డము. మీకేమి అడ్డము? గోడకు కొట్టమంటిరి, కొడితి. నీళ్ళు తెమ్మంటిరి, తెస్తి. గోలు కొట్టొద్దంటిరి, ఊర్లో దినానికి నాలుగు కొట్టేటోణ్ణి, మానుకుంటి. ఇంగ ఎప్పుడు సారూ? నేను ముసలోణ్ణి అయినాకనా?"

"గొంతు లేపొద్దురా ఆయనమీద" అన్నది తల్లి.

"ఆయన ఒక్కని మీదనే లేపుతాండానా? ఆయనా కూసోమంటాడు, నువ్వూ కూసోమంటావు. ఇంగ నేను లేసి నడిచిందెందుకు మా?"

హులిగెమ్మ దెబ్బ తిన్నట్లు చూసింది. వాడు ఆ మాట అని తనే భయపడి, పెరట్లోకి వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి ఆమె చెప్పింది:

"ఆ ఆట ఏందో నా కండ్లతో నేను చూడల్ల సారూ. మీరు ఏం నేర్పినారో అది చూడల్ల. వట్టి కాళ్ళతోనే."

ఎండ వాలుతున్నది. పెరట్లో వంటింటి గోడ మీద సున్నంతో గీసిన చదరపు గుర్తు ఉన్నది. వాడు చెండును దానికే కొట్టాలి. అక్క ఆ గోడ గురించి సణగని రోజు లేదు. కాని ఆ గుర్తు చెరిగిపోయినప్పుడల్లా, ఎవరూ అడగకుండానే, ముగ్గు వేసినంత శ్రద్ధగా దాన్ని మళ్ళీ దిద్దేదీ ఆమే.

"చెండు తీసుకురా ఈరన్నా" అన్నాను.

వాడు కదల్లేదు. "వద్దు సారూ."

"అమ్మ చూస్తానంటున్నది."

"ఈ పొద్దు వద్దు."

అలిగాడనుకున్నాను. నేనే పోయి మంచం కిందినుంచి చెండు తెచ్చి, వాడి ముందు దొర్లించాను. వాడు దాన్ని చూస్తూ కొంచెంసేపు నిలబడి, మొదలుపెట్టాడు.

హులిగెమ్మ వంటింటి మెట్టు మీద కూర్చున్నది. చెండు గోడకు తగిలి తిరిగి వస్తున్నది, వాడు కుడిపాదం పక్కతో దాన్ని పంపుతున్నాడు, మళ్ళీ వస్తున్నది. మధ్యలో తల ఎత్తి ఒకసారి నన్ను, ఒకసారి తల్లిని చూస్తున్నాడు. చెండు మాత్రం ఆ చదరం దాటి పోవడం లేదు. పక్కనే దండెం మీద ఆరిన చీరకు కూడా ఎక్కడా తగలలేదు.

"కాలు చూసుకోకుండానే కొడతాండాడే" అన్నదామె మెల్లగా.

"అదే నేర్చుకున్నాడు" అన్నాను.

ఆమె ముఖం మొదటిసారి కొద్దిగా సడలింది. పొద్దున తెచ్చిన రొట్టెల మూట ఇంకా ఆమె ఒడిలోనే ఉన్నది.

"ఎడమకాలు" అన్నాను.

వాడు ఎడమకాలికి మార్చాడు. నాలుగు సార్లు బాగానే వచ్చింది. అయిదోసారి గోడ అంచున రాలిన సున్నపు పెల్ల మీద పడి, చెండు పక్కకు తప్పుకొని మెట్టువైపు దొర్లింది. వాడు "మా, ముట్టొద్దు!" అంటూ దాని వెంట పరుగెత్తాడు.

అప్పుడు గాని నాకు వాడెందుకు వద్దన్నాడో తట్టలేదు.

హులిగెమ్మ అప్పటికే దాన్ని పాదంతో ఆపింది. వంగి రెండు చేతులతో ఎత్తింది. బొటనవేలితో కుట్లు తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకున్నది. జన్మంతా కపిల బావి దగ్గర తోలు తొండంతో నీళ్ళు తోడిన మనిషి. తడిసి ఎండిన తోలు వాసన ఆమెకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"మా కపిల తొండం వాసనే" అన్నది.

ఈరన్న ఆమెకు రెండు అడుగుల దూరంలో ఆగిపోయాడు.

"ఊర్లో ఆడేది గుడ్డ చెండు కదరా?"

"మొదట గుడ్డదే."

"తర్వాత?"

"ఆలూరు స్కూల్లో చేరినాక… ఆడ తోలుదే."

"పన్నెండేండ్లు ఉంటాయి నీకప్పుడు."

"ఉండొచ్చు."

"నీకు తెలుసా తోలని?"

"కొట్టిన పొద్దే తెలిసె."

ఆమె చెండును ఒడిలో రొట్టెల మూట పక్కన పెట్టుకొని, దాన్నే చూస్తూ అడిగింది:

"ఆ పొద్దు కాళ్ళు నొచ్చినాయా?"

"లేదు మా."

"రాత్రికి?"

"రాత్రంతా నిద్ర రాలే. తెల్లారేతలికి కాళ్ళు పడిపోతాయేమో అని, కదిలిచ్చుకుంటా పండుకుంటి. నువ్వు పక్కనే నిద్రపోతాంటివి."

పెరటి అవతల ఎవరో దూడను పిలుస్తున్నారు.

"నన్ను లేపింటే కాదా నాయనా?" అన్నది హులిగెమ్మ.

వాడు అక్కడే, ఆ మట్టిలోనే కూర్చుండిపోయాడు. పెద్దవాడయ్యాడు కదా, ఏడవడానికి సిగ్గు. ముఖం మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు. ఆమె లేచి వాడి దగ్గరికి పోలేదు. చెండును తీసి నా చేతికి ఇచ్చింది. తర్వాత కొడుకు పాదాలవైపు, ఎవరివో చూస్తున్నట్లుగా, చూసింది. దుమ్ము కొట్టుకొని, మడమలు పగిలి, బూటు ఒరుసుకున్న చోట చర్మం గట్టిపడిన పాదాలు. ఏడేండ్లుగా తోలుకు తగులుతూ, ఏడేండ్లుగా నడుస్తున్న పాదాలు.

దేవుడు క్షమించాడని అనుకున్నదో, అప్పుడే రావలసిన దండన ఇంకా దాచిపెట్టాడని అనుకున్నదో, నాకు తెలియదు.

దీపాలు పెట్టే వేళకు గురమ్మ ఒక చెంబుతో మజ్జిగ తెచ్చి, ఆమె పక్కన పెట్టి, తాగమని అనకుండా వెళ్ళిపోయింది. మాట మీద మాట పేర్చే మా అక్క ఎప్పుడు ఊరుకోవాలో కూడా ఎరుగును. కొంతసేపటికి చూస్తే చెంబు ఖాళీగా ఉన్నది.

"కడప నుంచి ఆదోనికి రైలు ఉండాదా సారూ?" అని అడిగింది హులిగెమ్మ.

"ఉంది. రాత్రి ఎక్కితే తెల్లవారుతుంది."

"సోమవారము ఉరుకుందలో ఉండల్ల నేను. వాణ్ణి పిల్చుకోని. సామికి నేనే చెప్పుకోవల్ల."

ఆదివారం సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఈరన్న భోజనానికి వచ్చి, మధ్యాహ్నపు కొర్రన్నమే తిన్నాడు. తల్లి తెచ్చిన రొట్టె ఒకటి నా విస్తర్లో పెట్టాడు. చెయ్యి కడుక్కున్నాక నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నేను ఆడను సారూ. గోపన్నకు చెప్పేయండి. పంపించేస్తే పోతా."

మధ్యాహ్నం ఆడతానన్నవాడు. ఇప్పుడు తల్లి వద్దనడం మానగానే వాడికి ధైర్యం జారిపోయింది. ఆమె కోపం ఉన్నంతసేపు దానికి ఎదురు నిలబడ్డాడు. ఆ కోపం లేని చోట వాడు, వాడి కాళ్ళూ మాత్రమే మిగిలారు.

ఆడమని చెప్పవచ్చు. వాడు నా మాట వింటాడు. వద్దని కూడా చెప్పవచ్చు, ఎడమకాలు కుదరలేదన్నది అబద్ధం కాదు. రెండింటిలో ఏది చెప్పినా ఆ కాళ్ళు ఇంకెవరివో అవుతాయి.

"రేపు పొద్దున గోడ దగ్గరికి రా" అన్నాను. "ఎడమకాలికి పని ఉన్నది."

"బూట్లతోనా, వట్టి కాళ్ళతోనా?"

"నీ ఇష్టం."

నేను ఇంకేమైనా చెబుతాననుకొని వాడు నిలబడ్డాడు. తర్వాత మెల్లగా పోయి చాప పరుచుకున్నాడు.

నేను వసారాలో మంచం మీద పడుకున్నాను. నా భార్య వెంకటేశ్వరమ్మ పోయినప్పటినుంచి దీపం తగ్గించడం నా పనే. తగ్గించాను గాని పూర్తిగా ఆర్పలేదు. కొంచెంసేపటికి బయట సన్నగా తుంపర మొదలైంది. మా ప్రాంతంలో శ్రావణంలో అదే పెద్ద వాన. మట్టి వాసన లోపలికి వచ్చింది.

హులిగెమ్మ లేచింది. నేను నిద్రపోతున్నాననే అనుకున్నదేమో. తలుపు తీసుకొని కట్ట మీదికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో బూట్లు ఉన్నాయి.

గడప లోపల కూర్చొని, వాటి మీద పడ్డ చినుకులను చీర కొంగుతో తుడిచింది. ఎడమ బూటులో చెయ్యి పెట్టి, వేళ్ళు ఆనేచోటు దాకా లోపలంతా తడిమి చూసింది. కొడుకు పాదం అక్కడ ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలన్నట్లు కొంతసేపు ఆ చేతిని అట్లాగే ఉంచింది. ఈరన్న చాప మీద అటువైపు తిరిగి పడుకొని ఉన్నాడు. వాడి పాదాలు దుప్పటి కింద ఒకసారి కదిలాయి, మళ్ళీ ఒకసారి కదిలాయి.

ఆమె అది చూసింది. బూట్లను గోడ పక్కన, వాడి చాపకు దగ్గరగానూ కాకుండా, మరీ దూరంగానూ కాకుండా పెట్టింది. తర్వాత ఎవరికీ మెలకువ రాకుండా తలుపు దగ్గరికి లాగి, గడియ వేసింది.